బాల్య మెదడు క్యాన్సర్ పరిశోధన: నిపుణుల కృషి, సైటేషన్ల ప్రభావం

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ తర్వాతి స్థానం మెదడు, వెన్నుపాము గడ్డలది. గట్టి గడ్డల రూపంలో వచ్చే వాటిలో వీటిదే మొదటి స్థానం. వైద్యం బాగా అందుబాటులో ఉన్న దేశాల్లో బాల్య క్యాన్సర్లలో దాదాపు నాలుగో వంతు ఇవే. మన దేశపు రిజిస్ట్రీలలో ఈ వాటా తక్కువగా కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు ఈ జబ్బు తక్కువగా రావడం కన్నా, స్కానింగ్ దాకా చేరకుండానే చాలామంది లెక్కకు అందకుండా పోవడమే దీనికి పెద్ద కారణమని ఈ రంగంలోని వైద్యులు భావిస్తున్నారు.

ఈ జబ్బు మీదే జీవితమంతా పనిచేసిన పరిశోధకులు ప్రపంచం మొత్తంలోనూ తక్కువే. విశ్వవిద్యాలయాలు, నిధులిచ్చే సంస్థలు వారి కృషిని ఎక్కువగా సైటేషన్లతో తూకం వేస్తాయి. ఒకరి పరిశోధన పత్రాన్ని తర్వాతి వారు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఆధారంగా చూపారన్నదే సైటేషన్ లెక్క. బాల్య మెదడు క్యాన్సర్ విషయంలో ఈ లెక్క కొన్ని నిజాలను స్పష్టంగా చూపుతుంది, మరికొన్నింటిని పూర్తిగా దాచేస్తుంది. తెలుగువారికి ఈ చరిత్రలో సొంత వాటా కూడా ఉంది. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది.

కుషింగ్ నుంచి పాటర్సన్ దాకా

పిల్లల మెదడు గడ్డల్లో ఎక్కువగా చర్చకు వచ్చేది మెడుల్లోబ్లాస్టోమా. తల వెనుక భాగాన, నడకను, సమతూకాన్ని అదుపులో ఉంచే చిన్నమెదడులో ఇది పుడుతుంది. మెదడు, వెన్నుపాముల చుట్టూ ప్రవహించే ద్రవం దారిని మూసేయడంతో తలలో నీరు చేరుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, తూలే నడక అందుకే వస్తాయి. గడ్డలోని కణాలు అదే ద్రవంలో కొట్టుకుపోయి వెన్ను పొడవునా నాటుకుంటాయి. ఈ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికే వైద్యులకు పాతికేళ్లకు పైగా పట్టింది.

అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీతో కలిసి 1925లో ఈ గడ్డకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చాడు. 1930లో తన దగ్గరికి వచ్చిన 61 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నది ఒక్కరే. ఆనాటి ప్రపంచంలో కుషింగ్ కన్నా చేయి తిరిగిన న్యూరోసర్జన్ లేడు. గడ్డను కోసి తీయడం ఒక్కటే సరిపోదని ఆ ఒక్క పత్రంతో తేలిపోయింది.

మార్పు మాంచెస్టర్ నుంచి వచ్చింది. ఎడిత్ పాటర్సన్, ఫార్ 1953లో ప్రచురించిన పత్రంలో గడ్డ ఉన్న చోటికే పరిమితం కాకుండా మొత్తం మెదడుకు, వెన్నుపాము చివరిదాకా రేడియేషన్ ఇచ్చిన 27 మంది రోగుల ఫలితాలున్నాయి. మూడేళ్ల తర్వాత దాదాపు మూడింట రెండు వంతుల మంది బతికే ఉన్నారు. ఈనాటికీ మూడేళ్లు దాటిన పిల్లలకు చికిత్సలో వెన్నెముక లాంటిది ఈ పద్ధతే. అయినా నేటి పరిశోధకులు ఆ పత్రాన్ని చూపడం అరుదు. ఒక ఆవిష్కరణ అందరికీ తెలిసిన విషయంగా మారిపోయాక దాన్ని ఎవరూ ప్రత్యేకంగా ఆధారం చూపరు. సైటేషన్ లెక్కలో అతి పెద్ద విజయాలకు జరిగే నష్టం ఇదే.

భీమవరం నుంచి హార్వర్డ్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, తర్వాత హార్వర్డ్ చేరాడు. అక్కడ సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో పనిచేస్తూ, రక్తంలోను మూత్రంలోను ఉండే ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఫిస్క్, సుబ్బారావుల పేర్ల మీద ఆ పత్రం వచ్చింది. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఈ ఇద్దరే వెలికితీశారు. ఏటీపీ ఆవిష్కరణలోనూ వీరికి భాగం ఉంది.

1925 నాటి పత్రాన్ని దశాబ్దాల తరబడి ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నీ వాడుకున్నాయి. వాడిన ప్రతివారూ దాన్ని ఆధారంగా చూపారు. సైటేషన్ లెక్కలకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డ్ తయారుచేసిన అత్యధిక సైటేషన్ల పత్రాల జాబితాల్లో ఫిస్క్–సుబ్బారావు పత్రం నిలిచింది. ప్రపంచ విజ్ఞాన సాహిత్యంలో ఒక తెలుగు పేరు ఇన్నిసార్లు అచ్చయిన సందర్భం మరొకటి చూపడం కష్టం.

పిల్లల ప్రాణాలు నిలిపిన పని మాత్రం వేరే. 1940లో సుబ్బారావు లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో పిల్లల రోగనిర్ధారణ నిపుణుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు సమ్మేళనాలను రక్త క్యాన్సర్ పిల్లల మీద వాడి చూసినప్పుడు, జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. కణాల పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లం అంత అవసరమైతే దానికి అడ్డుపడే మందు ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడ పుట్టింది. అలాంటి మందులను తయారుచేసి పంపినది సుబ్బారావు బృందమే. వాటిలో అమినోప్టెరిన్ ఫార్బర్ చేతికి 1947 చివర్లో అందింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్ బృందం పత్రం వచ్చింది. తీవ్రమైన రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు మందు ఇవ్వగా 10 మందిలో గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా మందుతో క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని పిల్లల వైద్యంలో తొలిసారి రుజువైంది.

ఆ పత్రం రచయితల జాబితాలో సుబ్బారావు పేరు లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, నిద్రలో కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ దాని స్థానాన్ని ఆక్రమించి నేటికీ వాడుకలో ఉంది. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి వేల సైటేషన్లు దక్కిన శాస్త్రవేత్తకు, లక్షల మంది పిల్లలకు మేలు చేసిన మందు విషయంలో ఆ లెక్కలో దక్కింది అతి తక్కువ. సైటేషన్లను నమ్మే ముందు ప్రతి పరిశోధకుడూ ఈ ఒక్క జీవితాన్ని పరిశీలించాలి.

మెథోట్రెక్సేట్ మెదడులోకి

మెదడులోకి మందు పంపడం తేలిక కాదు. రక్తంలోని అనవసర పదార్థాలు మెదడును చేరకుండా రక్తనాళాల గోడలే కాపలా కాస్తాయి. ఆ కాపలా మెథోట్రెక్సేట్‌ను కూడా చాలావరకు ఆపేస్తుంది. అందుకని భారీ మోతాదు ఎక్కించి, తర్వాత దాని విషప్రభావం నుంచి ఒంటిని కాపాడే ల్యూకోవోరిన్ ఇస్తారు. మరో దారి, తలచర్మం కింద చిన్న బుడగలాంటి పరికరం అమర్చి, మెదడులోని ద్రవంలోకే సూటిగా మందు పంపడం.

ఈ రెండు దారులనూ కలిపి వాడిన జర్మన్ అధ్యయనాన్ని స్టీఫన్ రుట్కోవ్‌స్కీ బృందం 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ప్రచురించింది. అందులో ఉన్నది మూడేళ్లలోపు వయసున్న 43 మంది మెడుల్లోబ్లాస్టోమా పిల్లలు. ఆ వయసులో మొత్తం మెదడుకు, వెన్నుకు రేడియేషన్ ఇస్తే బిడ్డ బతికినా తెలివితేటలు, ఎదుగుదల తీవ్రంగా దెబ్బతింటాయి. అందుకే వీరికి ఆపరేషన్ తర్వాత కీమో మాత్రమే ఇచ్చారు. గడ్డ పూర్తిగా తీసివేయగలిగి, వేరే చోటికి పాకని 17 మందిలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 93 శాతం. గడ్డ వెన్నులోకి స్పష్టంగా పాకిన 12 మందిలో ఇది 38 శాతమే. చికిత్స పొందిన పిల్లల తెలివి పరీక్షల ఫలితాలు ఆరోగ్యవంతులైన పిల్లల కన్నా తక్కువగా ఉన్నా, అంతకుముందు రేడియేషన్ పొందిన పిల్లల కన్నా మెరుగ్గా ఉన్నాయి. పసిపిల్లల మెదడు క్యాన్సర్ మీద రాసే వారెవరూ ఈ పత్రాన్ని పక్కన పెట్టలేరు. సుబ్బారావు ప్రయోగశాల సంప్రదాయంలో పుట్టిన మందు ఇలా అరవై ఏళ్ల తర్వాత కొత్త చోట పనికొచ్చింది.

ఒక నిపుణుడి జీవితకాలం

ఈ రంగంలో పరిశోధన జీవితం ఎలా నడుస్తుందో తెలియాలంటే వాషింగ్టన్‌లోని చిల్డ్రన్స్ నేషనల్ ఆసుపత్రికి చెందిన రోజర్ ప్యాకర్ కృషి చూడాలి. ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. రేడియేషన్ మోతాదు తగ్గించి, ఆ లోటును కీమోతో పూడ్చితే బిడ్డ ప్రాణమూ దక్కుతుందా, బుర్రా దక్కుతుందా? వెన్నుకు, మెదడుకు ఇచ్చే 36 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలమానం) మోతాదును 23.4 గ్రేలకు తగ్గించి, లోమస్టిన్, విన్‌క్రిస్టిన్, సిస్‌ప్లాటిన్ జోడించారు. 1990ల్లో చిన్న అధ్యయనాలతో మొదలై, 1996 నుంచి 2000 దాకా పెద్ద ట్రయల్‌లో పిల్లలను చేర్చుకున్నారు. ఫలితాలు అచ్చయింది 2006లో. అర్హులైన 379 మందిలో జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు దాటినవారు 81 శాతం. ఈనాడు సాధారణ ప్రమాద స్థాయి ఉన్న బిడ్డకు ఎక్కడ చికిత్స చేసినా 23.4 అన్న అంకెతోనే లెక్క మొదలవుతుంది.

ఇదే కాలంలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో భారతీయ వైద్యుడు అమర్ గజ్జర్ మరో దారి వెతికాడు. రేడియేషన్ తర్వాత నెలల తరబడి సాగే కీమోను నాలుగు భారీ విడతలకు కుదించి, బిడ్డ సొంత మూలకణాలను తిరిగి ఎక్కించే పద్ధతి అది. 134 మంది మీద చేసిన ఈ అధ్యయనం 2006లోనే లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. సాధారణ ప్రమాదం ఉన్నవారిలో 85 శాతం, ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో 70 శాతం ఐదేళ్లు దాటారు. ఎక్కువ ప్రమాదం ఉన్న పిల్లల విషయంలో ఆ అంకె అప్పటికి చాలా గొప్ప ఫలితం.

ఒక ప్రశ్న వేసిన రోజుకూ దానికి జవాబు అచ్చయిన రోజుకూ మధ్య పదేళ్లు, ఒక్కోసారి పదిహేనేళ్లు. పిల్లలు అరుదుగా దొరుకుతారు, పదుల ఆసుపత్రులు కలవాలి, ఐదేళ్లు కాచుకోవాలి, ఆపైన వాళ్లు బడికి వెళ్లగలుగుతున్నారా, ఎత్తు పెరుగుతున్నారా చూడాలి. అంత కాలం వెచ్చించినవారికి చేతిలో మిగిలేది నాలుగైదు పెద్ద పత్రాలు.

సైటేషన్ లెక్క నడిచే తీరు

గార్ఫీల్డ్ 1955లో ఆలోచన ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను మొదలుపెట్టాడు. పాత పత్రాల కోసం వెతికే శాస్త్రవేత్తకు దారి చూపడం దాని అసలు ఉద్దేశం. మనుషులకు మార్కులు వేసే సాధనంగా అది తర్వాత మారింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. ఒకరి పత్రాల్లో కనీసం 50 పత్రాలకు ఒక్కోదానికి 50 సైటేషన్లు తగ్గకుండా ఉంటే వారి హెచ్-ఇండెక్స్ 50. ఒకే ఒక్క పత్రంతో వైద్యాన్ని మలుపు తిప్పినా ఈ సూచిక ఒకటికి మించి ఇవ్వదు.

2014లో నేచర్ పత్రిక అన్ని కాలాల్లోనూ ఎక్కువ సైటేషన్లు పొందిన నూరు పత్రాలను పరిశీలించింది. మొదటి స్థానం ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ రాసిన పత్రానిది, మూడు లక్షలకు పైగా సైటేషన్లతో. జాబితాలో నోబెల్ స్థాయి ఆవిష్కరణలు తక్కువ, ప్రయోగశాలలో రోజూ వాడే పద్ధతులే ఎక్కువ. సుబ్బారావు విషయంలో జరిగిందే అందరి విషయంలోనూ జరుగుతోంది.

బాల్య మెదడు క్యాన్సర్‌లో కూడా సైటేషన్ల కుప్ప వర్గీకరణల దగ్గరే పడుతుంది. 2010లో బోస్టన్‌లో జరిగిన నిపుణుల సమావేశంలో మెడుల్లోబ్లాస్టోమా ఒక జబ్బు కాదని, జన్యువుల తీరును బట్టి నాలుగు జబ్బులని అంగీకారానికి వచ్చారు. వాటి పేర్లు డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4. అప్పట్లో టొరంటోలో పనిచేసిన మైఖేల్ టేలర్ మొదటి రచయితగా ఆ ఒప్పంద పత్రం 2012లో వచ్చింది. డబ్ల్యూఎన్‌టీ రకం పిల్లలు చాలావరకు బతుకుతారు, వారికి మోతాదు ఇంకా తగ్గించవచ్చా అన్నదే ప్రశ్న. గ్రూప్ 3లో ఫలితాలు బాగా తక్కువ. హైడెల్‌బర్గ్‌లో స్టీఫన్ ఫిస్టర్ బృందం 2018లో 2,801 నమూనాల ఆధారంగా మెదడు గడ్డలను 82 తరగతులుగా గుర్తించే డీఎన్‌ఏ పద్ధతిని నేచర్‌లో ప్రచురించి, ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇలాంటి పత్రాలకు వేల సైటేషన్లు రావడం న్యాయమే. గడ్డ పేరు సరిగ్గా తెలియకుండా చికిత్స సరిగ్గా సాగదు. చిక్కల్లా వీటి పక్కన ట్రయల్ పత్రాలను నిలబెట్టి ఏది గొప్పదని అడగడంలో ఉంది. ఒప్పంద పత్రంలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఆ సైటేషన్లన్నీ పూర్తిగా జమ అవుతాయి. పిల్లలను పదేళ్లు వెంటబడి చూసుకున్న వైద్యుడికీ, నర్సుకూ, రికార్డులు రాసినవారికీ ఆ ఖాతానే ఉండదు. ఈ పద్ధతి మీద అసంతృప్తితో శాన్ ఫ్రాన్సిస్కోలో 2012లో రూపొందిన డోరా ప్రకటన, పత్రికల ఇంపాక్ట్ ఫాక్టర్‌ను బట్టి మనుషులను అంచనా వేయవద్దని కోరింది.

మెదడు కాండంలోని గడ్డ

అన్నింటిలోకీ కఠినమైనది మెదడు కాండంలోని పాన్స్‌లో పాకే గ్లయోమా. కోసి తీయలేని చోటు అది. చంద్రుడి మీద తొలి అడుగు వేసిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కరెన్ 1962లో, మూడేళ్లు నిండకముందే, ఈ గడ్డ వల్లే చనిపోయింది. తర్వాత యాభై ఏళ్లపాటు చికిత్స దాదాపు అక్కడే ఆగిపోయింది. రేడియేషన్‌తో కొన్ని నెలలు ఊరట దొరుకుతుంది. సగం మంది పిల్లలు ఏడాదిలోపే చనిపోతారు.

చిక్కుముడి విప్పినది తల్లిదండ్రులే అనాలి. ఈ గడ్డ నుంచి ముక్క తీయడం ప్రమాదమని వైద్యులు మానేశారు కనుక ప్రయోగశాలల్లో పరీక్షించడానికి కణజాలమే ఉండేది కాదు. చనిపోయిన తమ బిడ్డ మెదడును పరిశోధనకు ఇవ్వడానికి కొందరు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. అలా అందిన గడ్డ నుంచి స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం కణాలను పెంచి 2011లో ఫలితాలు వెల్లడించింది. ఏడాది తిరిగేసరికి మాంట్రియల్‌లో నదా జబాడో బృందం, సెయింట్ జూడ్‌లోని మరో బృందం విడివిడిగా ఒకే విషయం కనుగొన్నాయి. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 అనే ప్రోటీన్‌లో 27వ స్థానంలో ఉండాల్సిన లైసిన్ బదులు మెథియోనిన్ చేరడమే ఈ గడ్డల్లో ఎక్కువ వాటికి మూలం. హిస్టోన్‌లోనే తప్పు దొర్లి క్యాన్సర్ రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. క్యాన్సర్ జీవశాస్త్రం మొత్తం మీదే ఆ పత్రాల ప్రభావం పడింది.

ఆ మార్పు కణం తిండిని, జన్యువుల నియంత్రణను ఎలా కలిపి దారి తప్పిస్తుందో మిషిగన్ విశ్వవిద్యాలయంలో శ్రీరామ్ వెన్నేటి, కార్ల్ కోష్మన్ బృందాలు పరిశోధించాయి. ఓఎన్‌సీ201 అనే మందు కొందరు రోగుల్లో పనిచేస్తున్న తీరును 2023లో క్యాన్సర్ డిస్కవరీలో వివరించాయి. 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు డోర్డావిప్రోన్ పేరిట వేగవంతమైన అనుమతి ఇచ్చింది. ఆధారంగా తీసుకున్న 50 మంది రోగుల్లో గడ్డ తగ్గినది 22 శాతం మందిలో. గెలుపు అనలేం. దశాబ్దాలుగా ఏ మందూ లేని చోట ఒక మందు నిలబడింది.

ముంబయి పరిశోధన

భారతదేశం నుంచి ఈ రంగానికి దక్కిన బలమైన కానుకల్లో ఒకటి టాటా మెమోరియల్ సెంటర్‌ది. రాకేశ్ జలాలీ నాయకత్వంలో అక్కడ 2001 నుంచి 2012 దాకా, 3 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 200 మందిని ఒక ట్రయల్‌లో చేర్చుకున్నారు. వీరివి మెల్లగా పెరిగే మెదడు గడ్డలు. సగం మందికి మామూలు రేడియేషన్, సగం మందికి గడ్డ ఆకారానికే పరిమితమయ్యే రేడియేషన్ ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత రెండో వర్గం వారి తెలివి పరీక్షల ఫలితాలు మెరుగ్గా నిలిచాయి. హార్మోన్ల లోపం మొదటి వర్గంలో 51 శాతం మందికి కొత్తగా వస్తే రెండో వర్గంలో 31 శాతం మందికే వచ్చింది. ఈ ఫలితాలు జామా ఆంకాలజీలో వచ్చింది 2017లో, అంటే మొదటి రోగి చేరిన పదహారేళ్లకు. ఖరీదైన పరికరాల మేలును ఇలా చీటీ తీసి పంచిన ట్రయల్‌తో రుజువు చేసిన దేశాలు తక్కువ.

అదే సంస్థకు చెందిన ఆక్ట్రెక్ పరిశోధన కేంద్రంలో నీలం శిర్సాత్ బృందం 2013లో మరో అక్కరకొచ్చే పని చేసింది. మెడుల్లోబ్లాస్టోమా నాలుగు రకాల్లో ఏదో తేల్చడానికి పాశ్చాత్య ప్రయోగశాలలు వాడే ఖరీదైన పద్ధతులకు బదులు, ఫార్మాలిన్‌లో భద్రపరచిన పాత గడ్డ ముక్క మీద కూడా పనిచేసే పీసీఆర్ పరీక్షను తయారుచేసింది. మన ఆసుపత్రుల్లో మైనంలో పోసి దాచిన ముక్కలే దొరుకుతాయి, గడ్డకట్టించి దాచినవి దొరకవు. ఇక్కడి అవసరాన్ని ఇక్కడివారే గుర్తించిన పరిశోధన ఇది. సైటేషన్ల పట్టికలో ఇది హైడెల్‌బర్గ్ పత్రానికి దరిదాపుల్లో ఉండదు. మన బిడ్డలకు దగ్గరగా ఉన్నది మాత్రం ఇదే.

ఎమ్మిగనూరు నుంచి చూస్తే

ఈ పరిశోధనలన్నీ మన ప్రాంతానికి ఏం చెబుతాయో ఎమ్మిగనూరు నుంచి చూద్దాం. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఎమ్మిగనూరు మగ్గాలకు పేరుపడిన ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని తాలూకాతో పాటు బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ పెద్ద జబ్బు చేస్తే ఇక్కడివారికి కర్నూలు, బళ్లారి, బెంగళూరు, హైదరాబాదు నాలుగు దారులూ తెరిచే ఉంటాయి. కర్నూలులో 1957 నుంచి వైద్యకళాశాల ఉంది. బెంగళూరులో నిమ్హాన్స్, కిద్వాయి, హైదరాబాదులో నిమ్స్, 1955 నాటి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం ఉన్నాయి. ఆంధ్రలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ చికిత్స ఖర్చులో పెద్ద భాగం మోస్తోంది.

ఖర్చు భారం తగ్గినా కాలం సమస్య మిగిలే ఉంటుంది. మూడేళ్లు దాటిన మెడుల్లోబ్లాస్టోమా బిడ్డకు ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు దాటకుండా రేడియేషన్ మొదలవ్వాలి. ఇళ్లలో దీన్నే కరెంటు పెట్టడం అంటారు. మొదటిరోజు వేడినీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను బిడ్డ ముఖం మీద పరిచి, చల్లారి గట్టిపడేదాకా పట్టుకుంటారు. ఆ తొడుగు బల్లకు బిగించి ఉంటుంది, తల మిల్లీమీటరు కూడా కదలకూడదు. ఐదారేళ్లలోపు పిల్లలకు రోజూ మత్తు ఇవ్వాల్సి వస్తుంది, అంటే రోజూ పొద్దున ఖాళీ కడుపు. వారానికి ఐదు రోజులు, మొత్తం 30 సిట్టింగులు, ఆరు వారాలు. యూరప్‌లో జరిగిన పీఎన్ఈటీ-3 ట్రయల్‌లో రేడియేషన్ 50 రోజుల్లోపు పూర్తయిన పిల్లల కన్నా, ఆలస్యమైన పిల్లలు తక్కువ మంది బతికారు. పండగకు ఇంటికి వెళ్లి వారం ఆగి రావడం, మగ్గం మీద పని ముగించి రావడం చిన్న విషయాలు కావని ఆ అంకె చెబుతుంది. నేతపని చేసే తండ్రికి ఆరు వారాలు నగరంలో ఉండటమంటే ఆరు వారాల కూలి పోవడమే. బస, భోజనం ఏర్పాటు చేయడం కూడా చికిత్సలో భాగమే.

అంతకన్నా ముందు జరిగే ఆలస్యం ఇంకా పెద్దది. పొద్దున వాంతి అయితే పైత్యం అనుకుంటాం. తలనొప్పి అంటే కళ్లజోడు పెట్టిస్తాం. తూలుతూ నడిస్తే నీరసం అంటాం. ఇది మన ఒక్కరి తీరే కాదు. బ్రిటన్‌లో 2006 నాటికి లక్షణం మొదలైనప్పటి నుంచి గడ్డ బయటపడేదాకా సగటున 14.4 వారాలు పట్టేది. నాటింగ్‌హామ్‌లో డేవిడ్ వాకర్, సోఫీ విల్నే బృందం లక్షణాల మీద పత్రాలన్నీ కూడగట్టి 2007లో ప్రచురించి, ఆ ఆధారంతోనే 2011లో హెడ్‌స్మార్ట్ ప్రచారం నడిపింది. బడుల్లో, క్లినిక్కుల్లో చిన్న కార్డులు పంచింది. 2013కు ఆ వ్యవధి 6.7 వారాలకు దిగింది. కొత్త మందేమీ అవసరం లేకపోయింది. ఈ వ్యాసంలో చెప్పుకున్న పరిశోధనలన్నింటిలో, వెంటనే మన ప్రాంతంలో అమలు చేయగలిగినది ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో బాల్య క్యాన్సర్ కార్యక్రమం మొదలుపెట్టి, 2030 నాటికి కనీసం 60 శాతం పిల్లలు బతకాలని లక్ష్యం పెట్టుకుంది. కొలమానంగా ఎంచుకున్న ఆరు క్యాన్సర్లలో మెల్లగా పెరిగే మెదడు గడ్డ ఒకటి. ఎమ్మిగనూరు, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, ఆర్‌ఎంపీలకు, కంటి వైద్యులకు ఒక విన్నపం. పొద్దున లేవగానే వాంతులు రెండు వారాలు దాటినా, వాటితో పాటు తలనొప్పి ఉన్నా, నడక తూలినా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా, పసిబిడ్డ తల వేగంగా పెరుగుతున్నా కళ్లజోడుతో, పైత్యం మందుతో ఆపవద్దు. కంటి లోపలి నరం వాచిందేమో చూడండి, చూపించండి. అనుమానం ఉంటే ఆ వారంలోనే బిడ్డను స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి పంపండి.